డిమాయిన్, డెట్రాయిట్, బ్యాటన్ రూజ్: ఫ్రెంచి నుంచి వచ్చిన ఊరి పేరును ఇంగ్లిష్‌లో పలకడం, రాయడం ఎలా?

డి-ఇ-ఎస్ అని ఒక మాట, ఎమ్-ఓ-ఐ-ఎన్-ఇ-ఎస్ అని ఇంకో మాట. అమెరికాలోని అయోవా రాష్ట్ర రాజధాని పేరు రాసే తీరు ఇది. దీన్ని చూసి "డెస్ మోయిన్స్" అనేవాళ్లున్నారు, "డెస్ మోయినెస్" అనేవాళ్లున్నారు, కాస్త ఫ్రెంచి వచ్చినవాళ్లు "డె మ్వాన్" అంటారు. ఈ మూడూ అక్కడ చెల్లవు. ఆ ఊరివాళ్లు అనేది "డిమాయిన్".

ఉద్యోగానికో చదువుకో ఇలాంటి ఊళ్లకు వెళ్లేవాళ్లు, హైదరాబాద్‌లో కూర్చుని అక్కడి ఆఫీసుతో రోజూ కాల్స్ మాట్లాడేవాళ్లు అడుగుతున్న ప్రశ్నలకు ఇక్కడ వరుసగా జవాబులున్నాయి. ఎక్కువ ఉదాహరణలు డిమాయిన్‌వే. అదే పద్ధతి డెట్రాయిట్‌కు, బ్యాటన్ రూజ్‌కు, మిగతావాటికీ పనికొస్తుంది. మెట్ల వరుస మాత్రం మార్చకండి. స్పెల్లింగ్‌తో మొదలుపెడితే నోరు దాన్నే పట్టుకుంటుంది, తర్వాత వదిలించుకోవడం కష్టం.

## 1. దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఇయర్‌ఫోన్స్. ఫోన్ స్పీకర్‌లో మాట చివరి ధ్వనులు సరిగ్గా వినపడవు.
- ఫోన్‌లో వాయిస్ రికార్డర్.
- మీ ఆఫర్ లెటర్, ఐ-20 (విద్యార్థి వీసా కోసం అమెరికా యూనివర్సిటీ ఇచ్చే పత్రం) లేదా టికెట్. ఊరి పేరు, రాష్ట్రం అందులో ఎలా ఉన్నాయో అలాగే కావాలి.
- ఒక కాగితం. పలుకుబడిని తెలుగులో రాసుకోవడానికి.

తెలుగు లిపి ఇక్కడ మంచి సాధనం. నొక్కి పలికే ముక్క ముందు ' గుర్తు పెడితే చాలు: డి-'మాయిన్. ఈ వ్యాసమంతా ఆ గుర్తే వాడాం.

## 2. ముందు ఏ ఊరో తేల్చుకోండి

ఒకే స్పెల్లింగ్ ఉన్న రెండు ఊళ్లను రెండు రకాలుగా పలుకుతారు. అందుకే రాష్ట్రం తెలియకుండా పలుకుబడి వెతకడం దండగ.

అయోవాలోది డి-'మాయిన్, చివర ఎస్ పలకరు. వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ విమానాశ్రయం పక్కనే అదే స్పెల్లింగ్‌తో ఇంకో ఊరుంది. అక్కడివాళ్లలో ఎక్కువమంది చివరి ఎస్‌ను కూడా పలుకుతారు: డ-'మాయిన్జ్. ఇల్లినాయ్‌లో డెస్ ప్లెయిన్స్ అనే ఊరుంది, దానిలో రెండు ఎస్‌లూ వినపడాలి. మిస్సోరీలో సెయింట్ లూయిస్ పక్కనున్న ఊరి పేరు కూడా డి-ఇ-ఎస్‌తోనే మొదలవుతుంది. దాన్ని మాత్రం డ-'పెయిర్ అంటారు, రెండు ఎస్‌లూ మూగే.

లూయివిల్ సంగతీ అంతే. కెంటకీలోది 'లూ-అ-వల్, కొలరాడోలోది 'లూ-ఇస్-విల్.

ఒక్క అయోవాలోనే ఇంకో చిక్కుంది. వెస్ట్ డిమాయిన్ వేరే నగరం, దానికి వేరే నగరపాలక సంస్థ ఉంది. డిమాయిన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) అని ఒకటుంది కానీ డిమాయిన్ నగరం అందులో లేదు. నగరం ఎక్కువ భాగం పోల్క్ కౌంటీలో ఉంటుంది. డిమాయిన్ కౌంటీ కేంద్రం బర్లింగ్టన్, అది రాష్ట్రానికి ఆగ్నేయ మూలన మిసిసిపీ ఒడ్డున ఉంది. ఆన్‌లైన్ ఫారంలో కౌంటీ అడిగితే ఊరి పేరే కనిపించింది కదా అని నొక్కేస్తే అక్కడే తప్పుతుంది.

విమాన టికెట్ దగ్గర పేరు టైప్ చేయకుండా మూడక్షరాల కోడ్ కొట్టండి:

- డిమాయిన్, అయోవా: డి-ఎస్-ఎమ్
- డెట్రాయిట్: డి-టి-డబ్ల్యు
- సెయింట్ లూయిస్: ఎస్-టి-ఎల్
- న్యూ ఓర్లిన్స్: ఎమ్-ఎస్-వై
- బ్యాటన్ రూజ్: బి-టి-ఆర్
- లూయివిల్, కెంటకీ: ఎస్-డి-ఎఫ్
- బాయ్‌సీ: బి-ఓ-ఐ
- మాంట్రియాల్: వై-యు-ఎల్

## 3. చూసే ముందు వినండి

తెలుగులో రాసిందే చదువుతాం, చదివిందే రాస్తాం. చిన్నప్పటి నుంచి కంటికి ఆ అలవాటు. కాబట్టి ఈ పేర్ల విషయంలో కంటిని కాసేపు పక్కన పెట్టి చెవికి పని చెప్పాలి.

వినాల్సినవి, నమ్మదగిన వరుసలో:

1. ఆ ఊరి టీవీ లేదా రేడియో వార్తలు. మొదటి 2 నిమిషాల్లోనే ఊరి పేరు కనీసం ఒక్కసారి వస్తుంది.
2. నగర కౌన్సిల్ సమావేశాల వీడియోలు. వార్తలు చదివేవాళ్లు బయటి ఊరివాళ్లు కావచ్చు, కౌన్సిల్‌లో మాట్లాడేది స్థానికులే.
3. ఆ ఊళ్లోని యూనివర్సిటీ లేదా కంపెనీ తన గురించి చేసుకున్న వీడియోలు.
4. మంచి ఇంగ్లిష్ నిఘంటువులో ఆడియో బొమ్మ. మెరియమ్-వెబ్‌స్టర్‌లో ఊళ్ల పేర్లూ ఉంటాయి.
5. మ్యాప్ యాప్ గొంతు. ఇది ఆఖరిది. అది అక్షరాలను చూసి ఊహిస్తుంది, ఫ్రెంచి పేర్ల దగ్గరే ఎక్కువగా బోల్తా పడుతుంది.

కనీసం రెండు చోట్ల ఒకేలా వినపడేదాకా నిర్ణయించుకోకండి. యూట్యూబ్‌లో "ఈ మాట ఎలా పలకాలి" అని ఒక్క మాటనే యంత్రం గొంతుతో వినిపించే వీడియోలుంటాయి. వాటిలో చాలావాటిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. అమెరికా ఊరి పేరును పారిస్ యాసలో చెప్పేవీ వాటిలో ఉంటాయి.

## 4. ముక్కలు చేయండి, నొక్కు ఎక్కడో గుర్తుపట్టండి

విన్నదాన్ని తెలుగులో రాసుకోండి. డిమాయిన్‌లో ముక్కలు రెండే: డి, మాయిన్. మాయిన్ అనేది కాయిన్, జాయిన్‌లతో ప్రాస కుదిరే మాట. మో-యిన్ అని రెండుగా విరగ్గొడితే పేరులో మూడు ముక్కలవుతాయి, విన్నవాడికి అర్థం కాదు.

నొక్కు రెండో ముక్క మీద. మొదటి "డి" చాలా పొట్టిగా, దాదాపు మింగేసినట్టుండాలి. కొందరి నోట అది "డ"లా కూడా వినపడుతుంది, రెండూ సరైనవే.

తెలుగులో ఒక అక్షరాన్ని మిగతావాటికంటే గట్టిగా పలికే పద్ధతి లేదు. అన్నిటికీ ఒకే బరువు వేస్తాం, మహా అయితే మొదటిదాని మీద కాస్త ఎక్కువ. ఇంగ్లిష్ వినేవాడు మాత్రం ఆ నొక్కును బట్టే మాటను గుర్తుపడతాడు. ధ్వనులన్నీ సరిగ్గా ఉన్నా నొక్కు తప్పితే "వాట్ వజ్ దట్?" అని అడుగుతాడు.

నొక్కు సాధన ఇలా చేయండి:

- నొక్కు లేని ముక్కను గుసగుసగా, నొక్కు ఉన్నదాన్ని మామూలు గొంతుతో 10 సార్లు అనండి: (డి) 'మాయిన్.
- తర్వాత గుసగుస మానేసి, పొట్టిదనం మాత్రం ఉంచండి.
- ఇప్పుడు వాక్యంలో పెట్టండి. పేరు మొదట్లో, మధ్యలో, చివర వచ్చేలా మూడు వాక్యాలు: "డిమాయిన్ ఈజ్ కోల్డ్ టుడే." "ద డిమాయిన్ ఆఫీస్ కాల్డ్." "అయామ్ ఫ్లయింగ్ టు డిమాయిన్."
- రికార్డ్ చేసి, మూడో మెట్టులో విన్నదానితో పక్కపక్కన పెట్టి వినండి.

విడిగా బాగా వచ్చి, వాక్యంలోకి వచ్చేసరికి పాత అలవాటు తిరగబెట్టడం మామూలే. అందుకే సాధనలో సగం వాక్యాల్లోనే జరగాలి.

## 5. తెలుగు నోటికి అడ్డుపడే ధ్వనులు

మాట చివర అచ్చు. డెట్రాయిట్ "డెట్రాయిటు" అవుతుంది, బ్యాటన్ రూజ్ "బ్యాటన్ రూజు" అవుతుంది. చివరి హల్లు దగ్గర నోరు తెరవకుండా ఆపండి. "ట్" దగ్గర నాలుక పైన అంటుకున్నాక ఒక్క క్షణం అలాగే ఉంచితే "ఉ" రాదు.

జెడ్ ధ్వని. వాషింగ్టన్‌లోని డమాయిన్జ్‌కు, న్యూ ఓర్లిన్స్‌కు చివర వచ్చేది ఇదే. మనం దాన్ని "జ"గా మార్చేస్తాం. తెలుగులో "జ" నిజానికి రెండు రకాలు: జొన్న, జడ అన్నప్పుడు నాలుక కొస పళ్ల వెనక తగులుతుంది, జీతం అన్నప్పుడు ఇంకాస్త వెనక్కి వెళ్తుంది. జెడ్‌కు దగ్గరగా ఉండేది జొన్నలోని జ. అయితే నాలుక అసలు తగలకూడదు. గొంతు మీద వేలు పెట్టి "స్స్స్" అనండి, అదురు ఉండదు. నాలుకను కదపకుండా గొంతును మోగించండి. వేలికి అదురు తెలిసిందంటే అదే జెడ్.

రూజ్ చివరి ధ్వని. బ్యాటన్ రూజ్‌లో చివర వచ్చేది జెడ్ కాదు, జీతంలోని జ కూడా కాదు. టెలివిజన్, మెజర్ అనే మాటల మధ్యలో ఇంగ్లిష్‌వాళ్లు పలికే ధ్వని అది. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. పద్ధతి మాత్రం పైదే: ఈసారి "ష్‌ష్‌ష్" తో మొదలుపెట్టి గొంతు మోగించండి. ఎంతకీ రాకపోతే "రూష్" వైపు కొంచెం మొగ్గినా ఫర్వాలేదు. "రూజు" కంటే అదే త్వరగా అర్థమవుతుంది.

బ్యాటన్‌లో మొదటి అచ్చు. బ్యాంక్‌లో పలికేదే. కోస్తా మాటల్లో "వచ్చాడు" అన్నప్పుడు "చ్చా"లో వినపడేది దాదాపు ఇదే కాబట్టి మనకు కొత్తేం కాదు. చిక్కు వేరే చోట ఉంది. రిలే పరుగులో చేతులు మార్చే కర్రను అమెరికన్లు బ-'టాన్ అంటారు, నొక్కు చివర. ఊరి పేరులో నొక్కు ముందుంటుంది: 'బ్యా-టన్. కర్ర పేరు తెలిసినవాళ్లే ఊరి పేరు దగ్గర ఎక్కువ తడబడతారు.

లూయివిల్‌లో వి. "వ" అన్నప్పుడు చాలాసార్లు మన పెదాలు రెండూ దగ్గరికొస్తాయి. ఇక్కడ పై పళ్లు కింది పెదవికి తగలాలి.

## 6. ఫ్రెంచి వచ్చినా తొందరపడొద్దు

ఈ పేర్లలో స్పెల్లింగ్ ఫ్రెంచిదే, పలుకుబడి మాత్రం ఊరూరికీ వేరు. డిమాయిన్‌నే చూడండి: రెండు ఎస్‌లు మూగబోవడం ఫ్రెంచి పద్ధతి, ఓ-ఐని "ఆయ్" అనడం ఇంగ్లిష్ పద్ధతి. పేరులో సగం అటు, సగం ఇటు. డెట్రాయిట్‌లో ఫ్రెంచివాళ్లు పలకని చివరి "ట్" ఇంగ్లిష్‌లో తిరిగొచ్చింది. ఇండియానాలోని టెర 'హోట్‌లో ఫ్రెంచివాళ్లు వదిలేసే "హ" కూడా వచ్చి కూర్చుంది.

ఇల్లినాయ్‌లో ఎస్ పలకరు. పక్కనే నది దాటితే సెయింట్ 'లూ-ఇస్‌లో పలుకుతారు. నియమం వెతికితే తల తిరుగుతుంది. ఒక్కో పేరు ఒక్కోటిగా నేర్చుకోవాల్సిందే.

తెలుగువాళ్లకు తరచూ తగిలేవి కొన్ని:

- డెట్రాయిట్, మిషిగన్: డి-'ట్రాయిట్. మొదటి ముక్కను "డీ" అని సాగదీయకండి.
- బాయ్‌సీ, ఐడహో: 'బాయ్-సీ. స్థానికులు "స" అంటారు, బయటివాళ్లు జెడ్ పెడతారు. చిప్‌లు తయారుచేసే మైక్రాన్ ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది. ఆ కంపెనీకి హైదరాబాద్‌లోనూ పెద్ద కేంద్రముంది కాబట్టి ఈ పేరు ఇక్కడి కాల్స్‌లో బాగా నలుగుతుంది.
- న్యూ ఓర్లిన్స్, లూయిజియానా: న్యూ 'ఓర్-లిన్జ్, లేదా న్యూ 'ఓర్-లి-అన్జ్. పక్కన "న్యూ" లేకుండా ఓర్లీన్స్ వీధి, ఓర్లీన్స్ ప్యారిష్ (లూయిజియానాలో కౌంటీని ప్యారిష్ అంటారు) అన్నప్పుడు మాత్రం ఓర్-'లీన్జ్. "నాలిన్స్" అని ముద్దుగా అనడం టూరిస్టుల పని.
- పీర్, సౌత్ డకోటా: పి-ఐ-ఇ-ఆర్-ఆర్-ఇ అని రాస్తారు, ఒక్క ముక్కలో 'పీర్ అంటారు. "పియెర్" కాదు.
- మాంట్‌పీలియర్, వెర్మాంట్: మాంట్-'పీల్-యర్.
- వర్సేల్స్, కెంటకీ: వర్-'సేల్జ్. ఫ్రాన్స్‌లోని రాజభవనం పేరు "వెర్సాయ్" ఇక్కడ పనికిరాదు.
- డబ్యూక్, అయోవా: డ-'బ్యూక్.
- మోబీల్, అలబామా: మో-'బీల్. చేతిలో ఉండే మొబైల్ కాదు.
- కోర్ డలేన్, ఐడహో: కోర్ డ-'లేన్.
- ఫాన్ డ లాక్, విస్కాన్సిన్: 'ఫాన్-డ-ల్యాక్. మూడు మాటలు ఒకే ఊపులో.
- సూ సెయింట్ మరీ, మిషిగన్: మొదటి మాట ఎస్-ఎ-యు-ఎల్-టి. పలికేది "సూ".
- మాంట్రియాల్, కెనడా: ఇంగ్లిష్‌లో మన్-ట్రి-'యాల్. ఫ్రెంచిలో "ట్" వినపడదు. ఆ ఊళ్లో రెండు భాషలూ నడుస్తాయి కాబట్టి ఏ భాషలో మాట్లాడుతున్నారో ఆ పలుకుబడి వాడండి.

## 7. స్పెల్లింగ్ దగ్గర జాగ్రత్తలు

పలకడం వచ్చాకే రాత. ఇక్కడ స్పెల్‌చెక్‌ను నమ్మితే కొంప మునుగుతుంది. పొరపాటున పడే రూపం కూడా ఒక్కోసారి సరైన ఇంగ్లిష్ మాటే అవుతుంది, కింద ఎర్ర గీత రాదు.

- డిమాయిన్ రెండో మాటలో ఓ తర్వాత ఐ, ఆ తర్వాత ఎన్. ఎన్, ఐ తారుమారైతే "డబ్బులు" అనే అర్థమున్న "మనీస్" అవుతుంది. రెజ్యూమెల్లో ఈ తప్పు తేలిగ్గా పడిపోతుంది.
- రూజ్‌లో ఆర్-ఓ-యు-జి-ఇ. యు, జి తారుమారైతే "రోగ్", అంటే దుర్మార్గుడు.
- డెట్రాయిట్‌లో ఓ ముందు, ఐ తర్వాత.
- వెర్మాంట్ రాజధాని మాంట్‌పీలియర్‌లో ఎల్ ఒక్కటే. ఫ్రాన్స్‌లోని మూల నగరానికి రెండు.

పత్రం పంపే ముందు ఫైల్‌లో "మనీస్", "రోగ్" ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లతో ఒకసారి వెతకండి. 10 సెకన్ల పని.

అక్షరాల మీద గుర్తులు. డెట్రాయిట్, మాంట్రియాల్ పేర్లకు ఫ్రెంచిలో ఇ మీద చిన్న గీత ఉంటుంది. మామూలు ఇంగ్లిష్ రాతలో అది అక్కర్లేదు. అయితే క్యుబెక్ రాష్ట్రంలోని ట్ర్వా రివియేర్ లాంటి పేర్లను కెనడాలో ఇంగ్లిష్‌లోనూ గుర్తుతో, హైఫన్‌తో రాస్తారు.

సెయింట్. సెయింట్ లూయిస్ నగరాన్ని ఎస్-టి, చుక్క, ఖాళీ, లూయిస్ అని రాస్తారు. అదే ఊళ్లోని సెయింట్ లూయిస్ యూనివర్సిటీ తన పేరులో సెయింట్‌ను పూర్తిగా రాసుకుంటుంది. దరఖాస్తులో ఊరు పొట్టిగా, యూనివర్సిటీ పొడుగ్గా ఉండాలి. సూ సెయింట్ మరీలో ఎస్-టి-ఇ అని ఉంటుంది, ఆ ఇ వదలకూడదు.

కామాలాంటి గుర్తు. కోర్ డలేన్‌లో చిన్న డి, దాని తర్వాత పైన కామాలాంటి గుర్తు, ఆపైన పెద్ద ఎ. కొన్ని ఫారాలు ఆ గుర్తును ఒప్పుకోవు. అప్పుడు దాని స్థానంలో ఖాళీ వదలండి, అమెరికా పోస్టల్ చిరునామాల్లోనూ అలాగే రాస్తారు. డి, ఎ కలిపేయకండి.

వీసా, ఇమిగ్రేషన్ కాగితాల విషయంలో ఇదంతా పక్కన పెట్టి ఒకే సూత్రం పాటించండి: ఐ-20లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే.

## 8. వాక్యంలో వాడే తీరు

రాష్ట్రం పేరు. డెట్రాయిట్, సెయింట్ లూయిస్, న్యూ ఓర్లిన్స్, మాంట్రియాల్ పేర్లు అమెరికా వార్తాపత్రికల్లో రాష్ట్రమో దేశమో చెప్పకుండానే వస్తాయి. డిమాయిన్, బ్యాటన్ రూజ్, లూయివిల్ పక్కన రాష్ట్రం పెట్టాలి. వాక్యం మధ్యలో వస్తే రాష్ట్రానికి ముందూ వెనకా కూడా కామా ఉండాలి. వెనకది మనవాళ్లు దాదాపు ఎప్పుడూ మరిచిపోతారు.

ముందు "ద" వద్దు. పేరులో డెస్, లా, డు ఉన్నా ఊరి పేరు ఒక్కటే వచ్చినప్పుడు "ద" రాదు. "ద డిమాయిన్ ఆఫీస్" అన్నప్పుడు ఆ "ద" ఆఫీసుకు చెందింది.

"డిమాయిన్ యొక్క". ఎస్‌తో ముగిసే పేరుకు ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ) పద్ధతిలో చివర పై కామా ఒక్కటే పెడతారు, షికాగో (షికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్ అనే రాత నియమాల పుస్తకం) పద్ధతిలో కామాతోపాటు ఇంకో ఎస్ చేరుస్తారు. మీ సంస్థ ఏది పాటిస్తే అది. పలికేటప్పుడు చివర జెడ్ వస్తుంది: డి-'మాయిన్జ్. తేలిక దారి ఇంకోటుంది: ఆ రూపమే తప్పించి "డిమాయిన్ ఎయిర్‌పోర్ట్", "డిమాయిన్ వెదర్" అనేయండి. రాతలో కూడా ఇదే బావుంటుంది.

ఊరివాళ్లను ఏమనాలి. డెట్రాయిటర్, సెయింట్ లూయిసన్, న్యూ ఓర్లీనియన్, మాంట్రియాలర్. డిమాయిన్‌కు మాత్రం "డిమాయిన్ రెసిడెంట్స్" అనడం మేలు.

ఫోన్‌లో స్పెల్లింగ్ చెప్పాల్సి వస్తే ముందు "టూ వర్డ్స్" అనండి, రెండు మాటల మధ్య ఆగండి. ఎమ్, ఎన్ ఫోన్‌లో ఒకేలా వినపడతాయి కాబట్టి "ఎమ్ ఫర్ మైక్", "ఎన్ ఫర్ నవంబర్" అని జోడించండి.

అవతలివాళ్ల ఊరి పేరు తెలియకపోతే ఊహించడం కంటే అడగడం నయం: "హౌ డు యు సే ద నేమ్ ఆఫ్ యువర్ సిటీ?" ఇలాంటి ఊళ్లవాళ్లకు ఆ ప్రశ్న అలవాటే.

## 9. తెలుగులో రాసేటప్పుడు

శుభలేఖలో, సంఘం ఆహ్వానపత్రంలో, వార్తలో ఈ పేర్లు తెలుగులో రాయాల్సి వస్తుంది. స్పెల్లింగ్‌ను అక్షరమక్షరం దింపకండి, పలుకుబడిని రాయండి. ఆ ఇంగ్లిష్ ధ్వనిని మనం కాయిన్, బాయ్, డెట్రాయిట్ అని "ఆయ్"తో రాస్తున్నాం కాబట్టి "డిమాయిన్" రాస్తే వరుస కుదురుతుంది. పేపర్లలో "డెస్ మోయిన్స్" కూడా కనిపిస్తుంది. పాత రూపం అలవాటైన పాఠకుల కోసం మొదటిసారి "అయోవా రాజధాని డిమాయిన్" అని రాస్తే ఏ ఊరో తెలిసిపోతుంది.

విభక్తి నేరుగా చేర్చండి: డిమాయిన్‌లో, డెట్రాయిట్‌కు, బ్యాటన్ రూజ్ నుంచి. "డిమాయిన్స్‌లో" అని లేని ఎస్ తెచ్చిపెట్టకండి. కవరు మీద చిరునామా మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి.

## 10. ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

వింటున్నారు కానీ అర్థం కావడం లేదు. చాలావరకు నొక్కు తప్పే. గొంతు పెంచి అదే తప్పును మళ్లీ అనకండి. రాష్ట్రం పేరు జోడించి నెమ్మదిగా చెప్పండి: "డిమాయిన్, అయోవా." రాష్ట్రం వినగానే అవతలివాళ్లే ఊరిని పట్టుకుంటారు.

సాధనలో వస్తోంది, వీసా ఇంటర్వ్యూలో పోతోంది. పేరును ఒంటరిగా బట్టీ పట్టినందువల్ల. అక్కడ మీరు చెప్పబోయే వాక్యంతోనే సాధన చేయండి: యూనివర్సిటీ పేరు, ఊరు, రాష్ట్రం, ఇదే వరుసలో. ఇండియానాలోని పర్‌డ్యూ యూనివర్సిటీకి వెళ్లేవాళ్లు "వెస్ట్ లాఫియెట్" అనాలి. లాఫియెట్ నది అవతలున్న వేరే ఊరు.

టీంలో అందరూ తప్పుగా అంటున్నారు. మీటింగ్ మధ్యలో ఎవర్నీ దిద్దకండి. మీ వంతు వచ్చినప్పుడు సరిగ్గా అనండి, అంతే. అక్కడ ముప్ఫై ఏళ్లుగా ఉంటున్న బాబాయిగారు "డెస్ మోయిన్స్" అన్నా సరే, ఆయన్ని ఆయన మానాన వదిలేయండి.

మరీ ఫ్రెంచిగా వస్తోంది. ఫ్రెంచి కోర్సు చేసినవాళ్ల ఇబ్బంది ఇది. ముక్కుతో పలికే ధ్వనులు, గొంతులోంచి వచ్చే "ర" పూర్తిగా మానేసి, మామూలు ఇంగ్లిష్ మాటలతో ప్రాస కట్టుకోండి: మాయిన్‌కు కాయిన్, పీర్‌కు డియర్, సేల్స్‌కు టేల్స్.

కాల్‌కు ముందు ఒకసారి చూసుకోవడానికి:

- ఏ రాష్ట్రం?
- ఎన్ని ముక్కలు? నొక్కు దేని మీద?
- చివరి హల్లు పలకాలా, వదిలేయాలా?
- చివర "ఉ" చేరుతోందా?
- రెండు చోట్ల విన్నామా?
- స్పెల్లింగ్ ఆఫర్ లెటర్‌తో సరిపోయిందా?

## 11. ఊరు వచ్చాక వీధులు

ఊరి పేరు వచ్చేసింది కదా అనుకుంటే రోడ్ల పేర్లు ఎదురుచూస్తుంటాయి. అవే పాత ఫ్రెంచి పేర్లు, ఇంకా ఎక్కువ అరిగిపోయి ఉంటాయి. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు, అత్యవసరంగా 911కు ఫోన్ చేసేటప్పుడు వీటితోనే పని.

డెట్రాయిట్ చుట్టుపక్కల: జి-ఆర్-ఎ-టి-ఐ-ఓ-టి అని రాసే రోడ్డు 'గ్ర్యాషిట్. ఓ-ఐ-ఎస్‌తో ముగిసేది 'లివర్‌నాయ్. ట్రాయ్ ఊరి తూర్పు అంచున వెళ్లేది డి-'క్విండర్, రాతలో చివర ఆర్-ఇ ఉంటుంది. ఉత్తరాన మాకినా దీవి, వంతెన పేర్ల చివర సి రాస్తారు, పలకరు: 'మ్యాకినా.

సెయింట్ లూయిస్‌లో: 'గ్రావాయ్, 'షోటో, బెల్-'ఫౌంటెన్. క్రీవ్ కోర్ అనే శివారు పేరులో రెండో మాటకు, ఐడహోలోని కోర్ డలేన్ మొదటి మాటకు స్పెల్లింగ్ ఒకటే, పలుకుబడీ ఒకటే. ఈ పేర్లలో ఇంత పొత్తు కుదరడం అరుదు.

న్యూ ఓర్లిన్స్‌లో చార్ట్రెస్ అని కనిపించే వీధి 'చార్టర్స్. ద్రాక్షసారాయి పేరున్న వీధిలో నొక్కు మధ్యలో పడుతుంది: బర్-'గన్-డీ.

మీరు ఉండబోయే ఇంటికి కిలోమీటరు లోపలున్న పెద్ద రోడ్ల పేర్లు నాలుగైదు రాసుకుని, ఇంటి ఓనరుతోనో లీజింగ్ ఆఫీసులోనో ఒకసారి పలికించుకోండి. ఆ పలుకుబడినే తెలుగులో రాసి ఫోన్‌లో ఇంటి చిరునామా పక్కన సేవ్ చేసుకోండి, ఇంట్లో అందరికీ పంపండి.